తమ్ముడి ముద్ర

"ఆ కత్తెర కింద పెట్టు."

మా ఆయన ఈ మాట అనడం మూడోసారి. మొదటి రెండుసార్లూ కోడలు విననట్టు ఊరుకుంది. మూడోసారి విన్నది, కాని కత్తెర మాత్రం పెట్టలేదు.

ఆవిరి బుట్ట పట్టుకుని నేను వంటింట్లోంచి వచ్చేసరికి హాల్లో పరిస్థితి అదీ. పెద్ద బల్ల మీద మా మామగారి సంవత్సరీకానికి పెట్టిన బాతు, చేప, పంది మాంసం, నేను పొద్దున్నే లేచి పీచ్ పండు ఆకారంలో అచ్చొత్తిన ఎర్ర కుడుములు. చిన్న బల్ల మీద టీ సామాను. ఆ సామాను పక్కన వెండిరంగు కవరులో గాలి తీసి బిగించిన ఎలక్ట్రానిక్ చిప్పుల రీలు. కవరు మీద మా తమ్ముడి కొట్టు ముద్ర, ఎర్రగా, గుండ్రంగా. ఆ ముద్రకి అంగుళం దూరంలో కోడలి కత్తెర.

మా అబ్బాయి యావ్‌బిన్ బాల్కనీ తలుపు దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. ఇక్కడ పెళ్ళానికీ తండ్రికీ యుద్ధం జరుగుతుంటే వాడికి కింద పోయే బస్సులు ముద్దొచ్చాయి. పొద్దున్నుంచీ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి," అంది పేయ్‌షాన్ నా వైపు తిరిగి. "ఒంటిగంటకి ఆ పంపుల్ని పిల్లల వార్డులో పెట్టేస్తారు. ఇప్పటికే పదిన్నరైంది."

"ఎన్నిసార్లు చెప్తావే? నాకు చెవుడొచ్చిందనుకున్నావా?"

నిన్నటి నుంచీ ఇంట్లో ఇదే పాట. నాన్‌చాంగ్‌లో మందు పంపులు చేసే కంపెనీకి మా కొట్టు నుంచి చిప్పులు పంపాం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల నరంలోకి మందుని చుక్కా చుక్కా కొలిచి ఎక్కించే పంపులు అవి. ఎన్ని చుక్కలు పోవాలో చెప్పేది లోపలున్న చిప్పు. పరీక్షకి పెట్టిన పదింటిలో నాలుగు పంపులు ఆరు గంటలు నడిచి, వేడెక్కి, ఆగిపోయాయట. ఆగినప్పుడు గంటైనా మోగలేదట. అప్పటికే నలభై పంపులు ఆసుపత్రికి వెళ్ళిపోయాయి.

ఆ కంపెనీలో ఫాన్ అనే ఇంజినీరమ్మ కోడలికి ఫోను చేసి ఒక్కటే ముక్క అడిగింది. "మీ సరుకు అసలైనదేనా? కాదంటే ఇప్పుడే ఆపిస్తాను. అసలైనదే అంటే తప్పు చిప్పుని బోర్డుకి అతికిన మా పనిలోనే ఉందని మా మేనేజరు తేల్చేస్తాడు, ఇక నా చేతిలో ఏమీ ఉండదు." పన్నెండింటికి ఆసుపత్రి నుంచి మళ్ళీ చేస్తానంది.

"అదే సరుకులో మిగిలిన రీలు ఇది. విప్పి చూస్తే తెలిసిపోతుంది మావయ్యా. ఐదు నిమిషాల పని."

"గాలి తగిలిన సరుకుని ఎవడు కొంటాడు?"

"ఇప్పుడు దీన్ని అమ్మేదెవరు?"

మా ఆయన మెడ నరాలు ఉబ్బాయి. "అమ్మడం గురించి కాదు! అది హాన్‌క్వే ముద్ర. ఇరవయ్యారేళ్ళుగా ఆ ముద్ర ఉన్న కవరుని మన కొట్లో ఎవడూ విప్పలేదు. అయినవాళ్ళ సరుకు విప్పి చూడడమంటే వాళ్ళ మొహాన ఉమ్మేయడమే. నీకు తెలీదు. నువ్వు మా వైపు పిల్లవి కాదు."

ఆయన చెప్పింది నిజమే. హువాచ్యాంగ్‌బే ఎలక్ట్రానిక్ సామాన్ల బజార్లో మా చావ్‌షాన్ ప్రాంతపు వాళ్ళ కొట్లన్నీ అలాగే నడుస్తాయి. మన దగ్గర లేని సరుకు ఎవరైనా అడిగితే బావమరిది కొట్టుకో, పినతండ్రి కొట్టుకో వెళ్ళి నోటిమాట మీద తెచ్చేస్తాం. కాగితం ఉండదు, విప్పి చూడడం ఉండదు. వాళ్ళ ముద్ర పక్కన మన చీటీ అంటించి పంపేస్తాం. దేశం మొత్తం బయట నుంచి కొనే సరుకుల్లో ముడి చమురుకన్నా చిప్పులకే ఎక్కువ పోస్తోందని టీవీలో చెప్పినప్పుడల్లా మా ఆయన ఛాతీ విరిచేవారు. "అందులో ఒక చుక్క మన గల్లా మీదుగానే పోతోందే," అనేవారు నాతో.

కాని పుట్టింటి మాట వస్తే నాకు పూనకం వస్తుంది. ఆయన వాదన ఆయన్ని చేసుకోనిచ్చి నా వంతు నేను అందుకున్నాను.

"బజార్లో ఇన్ని కొట్లుండగా మా తమ్ముడి మీద పడ్డావేమే?"

"ఆ చిప్పులు ఆయన కొట్టు నుంచి వచ్చాయి కనక."

"వాడు తేడా సరుకు ఇస్తాడా? చిన్నప్పుడు బడి దగ్గర దొరికిన గొడుగుని తిరిగి ఇవ్వడానికి పక్క ఊరి దాకా నడిచి వెళ్ళినవాడు!"

"ఇచ్చారని నేననలేదత్తయ్యా. చూద్దాం అన్నాను. మంచిదైతే ఆయన కాళ్ళకి దండం పెట్టి, ఇంజినీరుకి ఆ మాటే చెప్పి, హాయిగా కూచుని బాతు తింటాను."

"మీ హునాన్‌లో అయినవాళ్ళని ఇలాగే విప్పి చూసుకుంటారా?"

"మా హునాన్‌లో మిరపకాయని కూడా కొరికి చూశాకే కూరలో వేస్తాం."

చూశారా నోరు! పెళ్ళై ఏడేళ్ళైనా ఆ కారం తగ్గలేదు. పైకి ఎప్పుడూ అననుగాని, మా కొట్టు ఈ రెండేళ్ళూ నిలబడిందంటే ఈ పిల్ల వల్లే. పెళ్ళికి ముందు ఆరేళ్ళు ఫ్యాక్టరీలో బోర్డులు పరీక్షించిన పిల్ల. చిప్పుని చేత్తో పట్టుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్తుంది. ఆ సంగతి తెలిసే నాకు మరింత ఒళ్ళు మండింది.

"ఏరా, నువ్వేమంటావు?" అని కొడుకుని అడిగాను.

"నేనేమంటాను?" అన్నాడు వాడు, బస్సుల మీద నుంచి చూపు తిప్పకుండా.

అప్పుడే తలుపు గంట మోగింది.

మా తమ్ముడు హాన్‌క్వే రెండు చేతులా లీచీ గుత్తులు పట్టుకుని, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు. "ఏం బావా, పెద్దాయనకి ఇంకా పెట్టలేదా? ఆకలికి తాళలేక ఆయనే లేచి వచ్చేస్తాడు చూడు! అక్కా, ఈ ఏడాది బాతు బాగా బలిసిందే. పేయ్‌షాన్, ఆ మొహం ఏమిటమ్మా, మీ అత్త మళ్ళీ ఉప్పు లేని కూర పెట్టిందా?"

ఎవరూ నవ్వలేదు. వాడు అగరొత్తులు వెలిగించి మామగారి పటం ముందు మూడుసార్లు వంగి, వచ్చి చిన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. కవరు చూశాడు. పక్కన కత్తెర చూశాడు.

"నా సరుకు ఇంట్లోకి ఎందుకొచ్చింది?"

మా ఆయన టీ నీళ్ళు పెట్టారు. కప్పులు వేడినీళ్ళతో కడిగారు. మళ్ళీ కడిగారు. మా ఇళ్ళల్లో ఎంతమంది కూర్చున్నా కప్పులు మూడే. నువ్వు తాగు, నువ్వు తాగు అని ఒకరినొకరు బతిమాలుకోవడమే మర్యాద. ఆ రోజు ఎవరూ ఎవర్నీ బతిమాలలేదు. మూడు కప్పులూ నిండి, ఆవిరి ఆగిపోయేదాకా అలాగే ఉన్నాయి.

"ఈ మధ్య సరుకు ఎక్కడ దొరుకుతోంది హాన్‌క్వే?" అని చివరికి ఆయనే అడిగారు, గోడతో మాట్లాడుతున్నట్టు.

"దొరకడమా? ఎక్కడ బావా! హాంకాంగ్ నుంచి వచ్చేది సగానికి సగం ఆగిపోయింది. పెద్ద కంపెనీలు ఏడాదికి సరిపడా ముందే ఊడ్చుకుపోయాయి. మన బజారుకి మిగిలింది ఖాళీ డబ్బాలు."

"మరి ఇది?"

తమ్ముడు కప్పు తీసుకున్నాడు, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగాడు. "దొరికింది," అన్నాడు.

పేయ్‌షాన్ ఇక ఆగలేకపోయింది. పంపులు ఆగిపోవడం, నలభై ఆసుపత్రికి పోవడం, పన్నెండింటి ఫోను, అన్నీ గడగడా చెప్పేసింది. చెప్తున్నంతసేపూ నేను తమ్ముడి మొహమే చూస్తూ కూర్చున్నాను. వాడి మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"అంటే అక్కా, నా ముద్ర మీద కత్తెర పెట్టాలనుకున్నారన్నమాట."

"నేను కాదురా! నీ తరఫున పొద్దున్నుంచీ గొంతు చించుకుంటున్నాను!"

"అడ్డమెందుకు? విప్పండి." వాడి గొంతు గట్టిగానే ఉంది. "నేను దాచేదేముంది? పెద్దాయన పటం ముందే విప్పండి."

"ఇప్పుడొద్దు."

అందరం తలలు తిప్పాం. మా యావ్‌బిన్ బాల్కనీ వదిలి రెండడుగులు లోపలికి వచ్చాడు. "తాతయ్య భోజనం చేస్తుంటే ఎదురుగా ఈ గొడవేమిటి? అయ్యాక చూద్దాం."

"వాడన్నది సబబుగా ఉంది," అన్నారు మా ఆయన, దారి దొరికినట్టు. "ముందు పెద్దల భోజనం అవనీ. ఏమే, ఒకసారి అడుగు."

పటం ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చెక్క బిళ్ళలూ చేతుల్లోకి తీసుకున్నాను. ఒక వైపు బల్లపరుపుగా, ఒక వైపు ఉబ్బుగా ఉంటాయి అవి. ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే పెద్దల భోజనం అయినట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వి ఊరుకున్నట్టు, రెండూ బోర్లా పడితే ఇంకా కాలేదన్నట్టు. అప్పటిదాకా బల్ల మీద మెతుకు కదపకూడదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో అడిగేది నేనే.

"మామగారూ, కడుపు నిండిందా?" అని విసిరాను. రెండూ వెల్లకిలా పడ్డాయి.

"నవ్వుతున్నారు," అన్నాడు తమ్ముడు మెల్లిగా.

మళ్ళీ విసిరాను. మళ్ళీ నవ్వారు. మూడోసారి రెండూ బోర్లా పడ్డాయి.

"ఇంకా తింటున్నారు. ఇంకో అగరొత్తు కాలేదాకా ఆగుదాం," అన్నాడు యావ్‌బిన్. ఆ మాటలో హాయిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినపడింది. ఆ క్షణంలో నాకది పట్టలేదు. భక్తి అనుకున్నాను, నా మొహం!

పేయ్‌షాన్ గోడ గడియారం చూసింది. పదకొండుం పావు. "తాతగారు తీరిగ్గానే తింటారు," అంది. "ఆ పిల్లలు ఒక్కొక్కరు కిలో బరువు కూడా లేరటత్తయ్యా. ఫాన్ చెప్పింది. చెయ్యి పట్టుకుంటే మన బొటనవేలంత ఉంటుందట."

చెక్క బిళ్ళలు పక్కకి తోసేశాను. జాలి ఒక్కటే అంటే అబద్ధం. పౌరుషం కూడా. నా తమ్ముడు తలెత్తి విప్పండి అన్నాడు. ఈ ఇంటివాళ్ళు మర్యాద పేరు చెప్పి వాణ్ణి అనుమానంలోనే కూర్చోబెట్టారు. ఇంకో ముప్పావు గంట పోతే ఆ ఫోనులో కోడలు వాడి పేరు చెప్పేస్తుంది. ముందే తేల్చి పారేస్తే సరి.

"మామగారు తింటున్నది బాతుని, చిప్పుల్ని కాదు!" అని లేచాను. "ఇలా తే ఆ కత్తెర."

"ఏమే!" అన్నారు మా ఆయన.

"నా పుట్టింటి ముద్ర. నేనే కోస్తాను."

ముద్రకి అడ్డంగా కోసేశాను. కవరు బుస్సుమంది. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు మా ఇంట్లో వినడం అదే మొదలు.

పేయ్‌షాన్ గోళ్ళ రంగు తుడిచే మందు తెచ్చింది. పట్టకారుతో ఒక చిప్పు తీసి తెల్ల గుడ్డ మీద పెట్టింది. చిటికెనవేలి గోరంత ఉంది. దూది మందులో ముంచి దాని వీపు మీద రుద్దింది. ఒకసారి. రెండోసారి. దూది నల్లబడింది. మూడోసారికి అక్షరాలు పోయాయి.

చిప్పుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో వంచి చూసింది. మేం నలుగురం ఆమె వీపు చూస్తూ నిలబడ్డాం.

"పాత బోర్డు మీంచి పీకింది," అంది. "కాళ్ళకి కొత్త పూత పూశారు. కింద వేరే అంకెలున్నాయి. జాతి అదేగాని తక్కువ రకం, వేడికి ఆగదు. వీపు గీకేసి, నల్ల రంగు వేసి, మంచిదాని పేరు అచ్చు కొట్టారు."

నేను దేవతలా లేచానా, దయ్యంలా తిరిగాను తమ్ముడి మీదికి. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. సిగ్గు లేదట్రా అన్నాను. చచ్చిన మన నాన్న పేరు బజార్లో పెట్టావు కదరా అన్నాను. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నీ పేరు చెప్పుకుని తలెత్తుకు తిరిగానురా, ఇక ఆ తల ఎక్కడ పెట్టుకోను అని ఏడ్చాను.

వాడు నేను అలిసిపోయేదాకా ఆగి, "తప్పు నాదే అక్కా," అన్నాడు.

మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. పేయ్‌షాన్ మాత్రం కాగితం, కలం తీసుకుని వాడి ఎదురుగా కూర్చుంది.

"చిన్న మావయ్యా, మిమ్మల్ని తప్పుబట్టడానికి కాదు. ఇంజినీరుకి చెప్పాలి కనక అడుగుతున్నాను. ఎవరి దగ్గర కొన్నారు?"

"బజార్లో ఒకడు."

"పేరు?"

"వాడు... ఊరెళ్ళిపోయాడు."

"అక్షరాలు మీరు కొట్టించారా, అప్పటికే ఉన్నాయా?"

"అప్పటికే... లేదు, నేనే కొట్టించాను."

"ఎక్కడ?"

వాడు ఎడమ కనుబొమ గోక్కున్నాడు. నా ఏడుపు టక్కున ఆగిపోయింది.

వాణ్ణి నేను ఎత్తుకుని పెంచాను. నాన్న టీ కూజా నేను పగలగొట్టినప్పుడు తనే పగలగొట్టానని చెప్పి వీపు విమానం మోత మోగించుకున్నాడు, ఎనిమిదేళ్ళ వెధవ. అప్పుడూ ఆ కనుబొమే గోక్కున్నాడు. తన తప్పుకి వాడు ఎన్నడూ అబద్ధమాడలేదు. ఇంకొకరి తప్పు నెత్తినేసుకున్నప్పుడే ఆడతాడు, అదీ ఇంత చచ్చుగా.

"హాన్‌క్వే. నా కళ్ళలోకి చూసి చెప్పు. ఇది నీకెవరిచ్చారు?"

నన్ను చూశాడు. బావని చూశాడు. పేయ్‌షాన్‌ని చూశాడు. ఆ గదిలో ఇంకొకడున్నాడు. వాడి వైపు మాత్రం చూడలేదు.

బల్ల అంచు పట్టుకున్నాను.

"యావ్‌బిన్?" అంది పేయ్‌షాన్. పిలిచినట్టు లేదు, అడిగినట్టూ లేదు.

"మరేం చేయమంటావు?" మావాడు ఒక్కసారిగా అరిచాడు. "సరుకు లేదు! కొట్టు మూసుకుని కూర్చోమంటావా? వాళ్ళు రోజుకి పదిసార్లు ఫోను చేశారు, ఎక్కణ్ణుంచైనా తెమ్మన్నారు, ఎంతకైనా కొంటామన్నారు. బజారంతా చేస్తున్న పనే. నేనొక్కణ్ణే కనిపెట్టానా?"

"మామయ్య ముద్ర ఎందుకురా మధ్యలో?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. "నేను తెచ్చానంటే నీ కోడలు విప్పి చూసేది. మామయ్య ముద్ర ఉంటే నాన్న చెయ్యి పడనివ్వడు."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "వాడిని అనకక్కా. నేనూ విప్పలేదు కదా. మేనల్లుడు తెచ్చిన సరుకు విప్పి చూస్తానా? మంచిదే మామయ్యా, నీ ముద్ర వేయి అన్నాడు, వేశాను."

పేయ్‌షాన్ కలం మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. మొగుణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

"ఫోను వచ్చే వేళైంది," అన్నాడు తమ్ముడు. "నాదే తప్పని చెప్పేస్తాను. నాకు పిల్లా జెల్లా లేరు. కొట్టు ఈ ఏడో వచ్చే ఏడో మూసేద్దామనుకుంటున్నదే. పోలీసులు వస్తే నా దగ్గరికే వస్తారు. వాడికి ముందు చాలా బతుకుంది."

"అలా ఎలా..." అని నేను మా ఆయన వైపు చూశాను.

ఆయన గోడ వైపు చూస్తున్నారు. ఇరవయ్యారేళ్ళు ఆ ముద్రని కళ్ళకద్దుకున్న మనిషి. "హాన్‌క్వే అన్నట్టే చేద్దాం," అన్నారు.

"ఏమన్నారు?"

"వాడే అంటున్నాడుగా."

"వాడంటాడు! వాడు ఎప్పుడూ అంటాడు! మీరెలా ఒప్పుకున్నారు?"

"నీ కొడుకు జైలుకి పోతే నీకు బాగుంటుందా?"

ఎవరికి చెప్పుకోను? కొడుకుని కాపాడుకోవాలని నాకు లేదా? ఆ నిమిషంలో నా లోపల ఒక పాడు గొంతు, తమ్ముడు తనంతట తనే ఒప్పుకున్నాడు కదా, ఊరుకోవే అంది. పిల్లల పంపులు ఎలాగూ ఆగిపోతాయి, ఎవరి పేరైతేనేం అంది. నేను ఊరుకున్నాను. అబద్ధం చెప్పను, ఊరుకున్నాను.

ఫోను మోగింది. పన్నెండు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

పేయ్‌షాన్ అందరికీ వినపడేలా నొక్కి బల్ల మీద పెట్టింది. తమ్ముడు ముందుకి వంగాడు.

"అమ్మా, నా పేరు వెంగ్ హాన్‌క్వే. ఆ సరుకు నా కొట్టుదే. అసలైనది కాదు, పాతదానికి అక్షరాలు కొట్టింది. తప్పు నాది. ఆ నలభై పంపులూ ఆపించండి."

అవతల ఆమె ఎవరితోనో గట్టిగా "ఆపండి, నలభయ్యీ కట్టేయండి, పెట్టెల్లో పెట్టేయండి" అని చెప్పడం వినపడింది. నా గుండె కొంచెం కుదుటపడింది. పేయ్‌షాన్ కళ్ళు మూసుకుంది.

"వెంగ్ గారూ, చెప్పారు కనక సరిపోయింది," అంది ఫాన్. అలిసిపోయిన గొంతు. "ఇంకొక్కటి చెప్పండి. మార్చిలో ఇదే కొట్టు నుంచి మాకు ఇంకో సరుకు వచ్చింది. వాటితో చేసిన అరవై పంపులు ఇప్పుడు వార్డులో నడుస్తున్నాయి. పిల్లలకి పెట్టే ఉన్నాయి. ఈ నలభై తీసేశాక ఆసుపత్రికి ఉన్నవి అవే. అవి మంచివైతే వాటినే నమ్ముకుంటాం. కాదంటే ఇప్పుడే నర్సుల్ని ఒక్కో పిల్ల దగ్గరా నిలబెట్టి చేత్తో ఎక్కించాలి. ఆ మార్చి సరుకు అసలైనదేనా?"

మార్చిలో పంపింది మా కొట్టు సరుకు. దాని మీద తమ్ముడి ముద్ర లేదు. దాన్ని వాడు చూడనే లేదు. పేయ్‌షాన్ ఊళ్ళో లేనప్పుడు తెచ్చి పంపింది యావ్‌బిన్.

తమ్ముడు నా వైపు చూశాడు. వాడి చెయ్యి కనుబొమ మీదికి పోయింది. వాడి సంగతి నాకు తెలుసు. మేనల్లుడి మీద ఇంకో తప్పు పడకూడదు, అంతే వాడికి.

"మార్చిదా? అది మంచి..."

ఫోను లాగేసుకున్నాను.

"వాడికి తెలీదు!" అని అరిచాను. "అమ్మా, విను. నేను వాడి అక్కని. వాడు నా తమ్ముడు, వాడికి ఏమీ తెలీదు, మా కోసం అబద్ధం చెప్తున్నాడు. అక్షరాలు కొట్టించింది నా కొడుకు. జువాంగ్ యావ్‌బిన్. వింటున్నావా? నా కొడుకు."

"ఏమే!" అన్నారు మా ఆయన. లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"మార్చిది ఏమిటండీ?" అంటోంది ఫాన్. "ఎవరైతేనేం, నాకు మార్చిది చెప్పండి. ఆయన పక్కనే ఉన్నారా?"

నేను కొడుకు వైపు తిరిగాను. వాడి పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"చెప్పరా. మార్చిది?"

పేయ్‌షాన్ లేచి వాడి ఎదురుగా వచ్చి నిలబడింది. "మంచిదో కాదో, ఒక్క మాట," అంది. దాదాపు బతిమాలింది. ఇంట్లో ఆమె బతిమాలడం నేను చూడడం అదే మొదటిసారి.

వాడు ఆమెని చూడలేదు. నా దగ్గరికి నడిచి వచ్చి చెయ్యి చాపాడు.

"ఫోను ఇటివ్వమ్మా."

ఫోనులోంచి "హలో, హలో" అని వినిపిస్తోంది. దూరంగా ఎవరో పసిపిల్ల ఏడుపు కూడా. నిజం చెప్పడానికి అడిగాడా? ఫోను పెట్టేయడానికి అడిగాడా? తమ్ముడి అబద్ధాన్ని కనుబొమ చూసి పట్టేసిన నాకు, ముప్పై నాలుగేళ్ళు నా చేత్తో అన్నం పెట్టిన కొడుకు మొహంలోకి ఎంతసేపు చూసినా ఏమీ తెలియలేదు.

ఇచ్చాను.